ట్యాంకు మీద బాపు చెయ్యి

నాకు కుదురు లేదని అమ్మ ఎప్పుడూ అంటుంది. నిజమే. ఆదివారం బార్డోలీ దగ్గర చెరకు కొట్టేసిన చేలో మోటారు బళ్ల పందెం ఉంటే, బుధవారం నుంచే నాకు అన్నం సహించదు. ఆ వారం నా పాత టూ-స్ట్రోక్ బండి ఇంజిన్‌ను ఉధ్నాలో మా అద్దె గది ముందే మొత్తం విప్పేశాను. సిలిండర్‌కు లేత్ షాపులో బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్ వేశాను. తుడవడానికి మా బాపు తను పనిచేసే మరమగ్గాల కార్ఖానా నుంచి మగ్గాల కింద పోగయ్యే వేస్టు దారం తెచ్చిచ్చాడు. మా గల్లీలో గిన్నెలు తోమేదీ దానితోనే. కార్బురేటర్ లోపల కూడా దానితోనే తుడిచి, పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోశాను.

శనివారం పొద్దున స్టార్ట్ చేశాను. మరమగ్గాల చప్పుడుకు బాపు వినికిడి ఎప్పుడో పోయింది. ఆ పనివాళ్లు మగ్గం ఎలా నడుస్తోందో అరచేత్తో తెలుసుకుంటారు. బాపు వచ్చి ట్యాంకు మీద చెయ్యి పెట్టాడు.

“గిది సక్కగ నడుస్తలేదురా. జర ఆపి, ఇప్పి చూడు.”

నాకు ఒళ్లు మండింది. మళ్లీ విప్పితే పూటంతా పోతుంది. “నీకు ఇనవడనే ఇనవడది, నీకేం తెలుస్తది బాపూ?” అన్నాను. పెదాలు చూసి గ్రహించాడు. చెయ్యి తీసేశాడు.

ట్రయల్ చూద్దామని బార్డోలీ రోడ్డెక్కి పది నిమిషాలు కాకముందే ఇంజిన్ కీచుమని పట్టేసి, వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ నొక్కి ఎలాగో పడకుండా ఆగాను. బండి తోసుకుంటూ నేరుగా లేత్ షాపుకు పోయి, బోరింగ్ చెడగొట్టావని అక్కడి పెద్దాయన మీద నోరు పారేసుకున్నాను. ఆయన కార్బురేటర్ విప్పి, పెట్రోల్ వెళ్లే జెట్‌లో సన్నని తీగ పెట్టి లాగాడు. తెల్లటి పోగు వచ్చింది. రోజూ బాపు చొక్కాకు అంటుకుని ఇంటికొచ్చే పోగే. దాని వల్ల పెట్రోల్, అందులోని ఆయిల్ సరిగా అందక పిస్టన్ వేడెక్కి పట్టేసింది. పెద్దాయనకు చేతులు జోడించాను. పందెం తప్పిపోయినందుకు కన్నా బాపును అన్న మాటకే ఎక్కువ సిగ్గేసింది.

ఇంటికెళ్లి పోగు చూపించాను.

“నేను తెచ్చిన దారమేనా?” అన్నాడు బాపు, మొహం చిన్నబుచ్చుకుని.

“తుడిసింది నేను గద బాపూ,” అన్నాను, పెదాలు కనబడేలా నెమ్మదిగా. “నువ్వు చెప్పంగనే ఆపాల్సింది.”

మళ్లీ కొత్త పిస్టన్ వేసి స్టార్ట్ చేసిన రోజు బాపు గుమ్మం దాటి రాలేదు. నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఆ చెయ్యి ట్యాంకు మీద పెట్టాను. కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఎప్పుడెప్పుడు రోడ్డెక్కుదామా అని నాకు కాళ్లు నిలవడం లేదు, క్లచ్ మీద వేళ్లు ఆగడం లేదు. అయినా ఆయన తనంతట తాను చెయ్యి తీసేదాకా గేరు వేయలేదు.