నడి ఏట్లో వెలిగించే కర్పూరం

చౌటుప్పల్ బంకులో మా మనవడు బండికి పెట్రోలు పోయిస్తున్నప్పుడు ఆ వాసన ముక్కుకు తగిలితే నాకు మా రేవు గుర్తొస్తుంది, దాని వెంటే మా అవ్వ మీద పడ్డ నింద గుర్తొస్తుంది. ఇన్నేళ్లయినా దాన్ని నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

మాది పాలమూరు జిల్లాలో కృష్ణ ఒడ్డు ఊరు. ఎండాకాలం ఏరు సన్నబడితే బండల మధ్య గుండ్రటి పుట్టిలో దాటేవాళ్లం. వానలు పడి ఎర్రనీళ్లు ఒడ్లను ఒరుసుకుంటూ వస్తే మా పెద్దబాపు లాంచి కదిలేది. బతుకమ్మ దినాల్లో ఆ లాంచి నిండా తంగేడు పూల గంపలు, సత్తుపిండి మూటలు, ఎండుచేపల బుట్టలు, అన్నింటి మీదుగా తేలే పెట్రోలు వాసన. పిల్లలం చెక్కబల్ల మీద గచ్చకాయలు ఆడుతుంటే లాంచి ఊగినప్పుడల్లా కాయలు దొర్లి ఎవరి ఒళ్లోనో పడేవి. నడి ఏటికి చేరగానే పెద్దబాపు ఇంజను చప్పుడు తగ్గించేవాడు. అప్పుడు మా అవ్వ, అంటే ఆయన్ను కన్నతల్లి, కొంగుముడి విప్పి తమలపాకు మీద కర్పూరం బిళ్ల వెలిగించి, కృష్ణమ్మకు చూపి, నీళ్ల మీద వదిలేది. ఒడ్డున వెలిగిస్తే ఏరు ఒప్పుకోదని ఆమె నమ్మకం. పెట్రోలు పడవలో నిప్పు మంచిది కాదన్న మాట నిజమే, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ లాంచికి అంటుకున్న రోజు ఆ మంట కర్పూరానిది కాదు.

మొదట్లో ఆ ఇంజనును చేత్తో హ్యాండిల్ తిప్పి లేపేవాళ్లు. భుజం నొప్పితో వేగలేక పెద్దబాపు ఒక ఏడాది లారీ షెడ్డు నుంచి పాత సెల్ఫు, అంటే మీట నొక్కితే ఇంజనును తిప్పే మోటారు, తెచ్చి పెట్టించాడు. అది చక్కగా సరిపోయింది. లారీని లేపింది పడవను లేపదా అని ఊరంతా మెచ్చుకుంది. కొత్తగా పెట్టిన సామాను తడవకూడదని ఆయన ఇంజను గూడుకు రేకు కొట్టించి, పైన టార్పాలిన్ బిగించి, గాలి కూడా దూరకుండా మూసేశాడు.

సద్దుల బతుకమ్మ మర్నాడు పొద్దున డబ్బాతో పెట్రోలు పోస్తుంటే కొంత ఒలికి పడవ అడుగుకు జారింది. జనం ఎక్కారు. లాంచి ఇంకా తాడుతో కట్టే ఉంది. పెద్దబాపు మీట నొక్కగానే పెద్ద చప్పుడై, గూటి మీది రేకు ఎగిరి ఏట్లో పడింది, దాని వెనకే మంట లేచింది. నడుము లోతు నీళ్లే కాబట్టి అందరం దుమికి బతికాం. పెద్దబాపు మీసం ఒక పక్క కాలిపోయింది.

ఒడ్డుకు చేరి ఆయన అన్న మొదటి మాట ఇది: “మా అవ్వ కర్పూరం ముట్టిచ్చింది, గదే అంటుకున్నది.”

“లాంచి ఇంక కదల్నే లేదు గద పెద్దబాపూ” అన్నాను.

“నీకేం ఎరుక? నోరు మూస్కో.”

ఇంట్లో అవ్వ తడి చీర మార్చుకుంటుంటే కొంగుముడిలో కర్పూరం బిళ్ల తమలపాకుతో సహా అట్లాగే ఉంది. దాన్ని పట్టుకొని నేను వాకిట్లోకి పరుగెత్తబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“ఊకో బిడ్డా. నన్నంటే ఏమైతది? లాంచినంటే ఎవ్వలెక్కరు.”

అది ఆమె మంచితనం. నాకు అది రాలేదు. బావి దగ్గర ఆడవాళ్లు “అవ్వా, కొంగుల కర్పూరం ఉన్నదా? జర దూరం కూసో” అంటే ఆమె నవ్వేది, నేను మాత్రం ఎవరెవరు అన్నారో గుర్తుపెట్టుకున్నాను. ఆమె మళ్లీ లాంచి ఎక్కలేదు. ఏరు తగ్గి పుట్టి నడిచిన నాడే అవతలి ఒడ్డున ఉన్న కూతురింటికి పోయేది.

లాంచి బాగుచేయడానికి మేస్త్రీ వచ్చిన రోజు పెద్దబాపు ఆయనతో అన్నది నా చెవులతో విన్నాను. “లారీది వద్దు. పడవలకని చేసిన, రవ్వ బయటికి రాని మూత సెల్ఫే పెట్టు. రేకు సుత వద్దు, గాలి ఆడాలె.”

“గిప్పుడు ఎరుకైందా అన్నా?” అని మేస్త్రీ నవ్వాడు. “లారీ సెల్ఫుల రవ్వలు లేస్తయి. రోడ్డు మీదైతే పెట్రోలు ఆవిరి గాలికి కొట్టుకపోతది. పడవడుగున ఏడికి పోతది? బాయిల నీళ్ల లెక్క గాడ్నే ఉంటది.”

“మరి అవ్వ కర్పూరం?” అని అడిగాను.

పెద్దబాపు నా వైపు చూడలేదు. “పో, కోళ్లకు గింజలెయ్యి పో.”

ఆ తర్వాత ఆయన రోజూ గూడు మీది టార్పాలిన్ తీసి, కాసేపు గాలి ఆడనిచ్చి, ఒలికింది గుడ్డతో తుడిచి, లోపలికి ముక్కు పెట్టి వాసన చూసి గానీ మీట నొక్కలేదు. లాంచికి మళ్లీ మంట అంటుకోలేదు. తప్పు ఎక్కడుందో ఆయన ముక్కుకు తెలుసు. అయినా “కర్పూరం వెలిగించరాదు” అని పలక రాయించి అవ్వ కూర్చునే బల్ల ఎదురుగానే కొట్టించాడు.

ఇప్పుడు ఆ రేవు ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. లాంచి, పలక లేవు; పెద్దబాపు, అవ్వ కూడా లేరు. మొన్న ఒక పెళ్లి బంతిలో పెద్దబాపు కొడుకు నవ్వుతూ అవ్వ కర్పూరంతో లాంచి కాలిన కథ మొదలుపెట్టాడు. నేను కలిపిన ముద్ద విస్తరిలో పెట్టేశాను.

“లాంచి అప్పటికి తాడుతోని కట్టేసే ఉన్నదిరా.”

“ఎన్నిసార్లు చెప్తవక్కా? అవ్వ పోయి ఎన్నేండ్లాయె.”

“నువ్వు ఎన్నిసార్లు చెప్తే అన్నిసార్లు” అన్నాను.

వాడు తల వంచుకొని పప్పు కోసం పిలిచాడు. వాడు కథ వదిలేశాడని రూఢి అయ్యాకే నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను.