రికార్డు మీద వేలు

డిగ్రీలో ఉండగా లాప్‌టాప్‌లో పాటలు కట్టేవాణ్ని. పాత గ్రామఫోను రికార్డుల్లో నా పాటలో కలుపుకోవడానికి మంచి డప్పు ముక్క దొరుకుతుందని, రామన్నపేటలో ఒకప్పుడు పెళ్లిళ్లకు మైక్‌సెట్ పెట్టిన ఓ తాత ఇంటికి వెళ్లాను. అమ్ముతానని ఒక రికార్డు వేశాడు. డప్పు అదిరింది. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, మళ్లీ విందామని తిరుగుతున్న రికార్డును వేలితో వెనక్కి తిప్పాను. కర్రుమంది.

"నలభై ఏండ్లు గీత పడకుంట కాపాడిన! నీ ఏలు ఇరగ్గొడ్త!"

"డీజేలు గిట్లనే తిప్పుతరు తాతా..."

"గా డీజేలే నా పొట్ట కొట్టిండ్రు. నీకు అమ్ముడే లేదు, నడువ్!"

చెప్పు విసిరాడు. గురి బాగానే ఉంది.

ఇంటికొచ్చి విన్నాను. డప్పు మూడు క్షణాలే. మిగతాదంతా తాత తిట్లు. ఒక్కటీ తాళం తప్పలేదు. వాటితోనే పాట కట్టాను. ఆయనకు వినిపించే ధైర్యమే ఇంకా రాలేదు.