యాదయ్యను ముందు పిలిచాను

ఒక మనిషి నాకు చెప్పిన మంచి మాట ఇన్నేళ్లుగా నా గొంతులో ముల్లులా ఉంది. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. మీకు చెబుతున్నది జాలిపడమని కాదు. జాలి చూపిస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తెలంగాణ ఇంకా రాని రోజులు. నాచారంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. షుగరు వల్ల కాలి పుండ్లు మానని వాళ్ల మీద స్టెమ్ సెల్ ఇంజెక్షన్ ట్రయల్ మొదలైంది. సగం మందికి ఆ కొత్త ఇంజెక్షన్, మిగతా సగానికి ఎప్పుడూ చేసే డ్రెస్సింగే. ఎవరికి ఏది అన్నది డాక్టరు కూడా నిర్ణయించకూడదు. అందుకని నంబర్లు వేసి అంటించిన కవర్లు వచ్చేవి. పేషెంట్లు వచ్చిన వరసలోనే ఒక్కొక్కటీ విప్పాలి. ఆ కవర్లు పెట్టే బీరువా తాళం నా దగ్గరే ఉండేది.

మా మేనమామ ఉప్పల్‌లో ఆటో నడిపేవాడు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. ఆయన పాదానికి పుండు పడింది. మానకపోతే కాలు తీసేయాలన్నారు. ట్రయల్‌లో నేనే చేర్పించాను, మేనకోడలినని ఎవరికీ చెప్పకుండా.

ఆ ఉదయం బీరువా తీసి, పై కవరును ట్యూబులైటుకు ఎత్తి పట్టాను. కాగితం పల్చన. లోపలి అక్షరాలు కనబడ్డాయి. డ్రెస్సింగ్. దాని కింది కవరు కూడా ఎత్తి చూశాను. ఇంజెక్షన్. వెనకాడానా? లేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి?

బయట బెంచీ మీద ముందు మామ, ఆయన పక్కన యాదయ్య. కీసర దగ్గర కూరగాయలు పండించే రైతు. తలుపు తీసి పిలిచాను.

“యాదయ్యన్నా, నువ్వు ముందు రా.”

“ఆయన నాకన్న ముందొచ్చిండు గద చెల్లె?”

“నువ్వు దూరంకెల్లి వచ్చినవ్. మళ్ల బస్సు దొరకాలె గదా. రా, ఏం గాదు.”

కర్ర ఊతంగా లేచాడు. “ఏ దవాఖాన్ల గూడ నన్ను ముందుగాల పిలిచినోళ్లు లేరు. సల్లగుండు చెల్లె” అన్నాడు.

ఆయన ముందే కవరు చించి, డ్రెస్సింగ్ అని చదివాను. “నా నసీబు, ఏంజేస్తం” అని నవ్వాడు. తర్వాతి కవరు మామది.

మామ పుండు మానింది. ఇప్పటికీ ఆటో నడుపుతున్నాడు. యాదయ్యకు మోకాలి కింద తీసేశారు. ఆ కట్టు మార్చింది కూడా నేనే. మారుస్తుంటే, తిన్నవా చెల్లె అని అడిగాడు.

ఇంజెక్షన్ నిజంగా పనిచేసిందా? ఏమో. కంపెనీ ట్రయల్‌ను మధ్యలోనే ఆపేసింది, ఫలితం మాకెవరూ చెప్పలేదు. మామ పుండు దానంతటదే మానిందేమో, యాదయ్య కాలు ఎలాగూ పోయేదేమో అనుకుని ఎన్నిసార్లు తప్పించుకోవాలని చూశానో! కానీ పనిచేస్తుందని నమ్మే కదా నేను వరస మార్చింది? ఇక తప్పించుకునేదేముంది?

ట్రయల్ సక్రమంగా జరిగిందో లేదో చూడటానికి ఎథిక్స్ కమిటీ పెద్దలు వచ్చారు. సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయో లేదో చూశారు, టీ తాగారు, వెళ్లిపోయారు. కవరు అంత పల్చగా ఎందుకుందని ఒక్కరూ అడగలేదు. బెంచీ మీద ముందు ఎవరు కూర్చున్నారనీ అడగలేదు. నన్ను తిట్టండి, పడతాను. కానీ పెంచినవాడి కాలు తీసేస్తారని తెలిసి కూడా వరస తప్పనివాళ్లు ఎవరైనా ఉంటే, ముందు వాళ్లు వచ్చి తిట్టండి.

ఆ రోజు మళ్లీ వస్తే? కవరు మళ్లీ లైటుకు పడతాను. అదీ దాచను. కానీ బస్సు సాకు చెప్పి ఆయన దీవెన మాత్రం తీసుకోను. అది నాకు దక్కాల్సింది కాదు.

యాదయ్యన్నా, అది నీ నసీబు కాదు. నేను. ఇదిగో, అనేశాను.