బాగా నడిచినవాడు

ప్రతి గురువారం సాయంత్రం ఆరు గంటలకు, బట్టల దుకాణం మేడ మీది హాల్లో సేవా క్లబ్బు సమావేశం జరుగుతుంది. అధ్యక్షుడు బల్ల మీది ఇత్తడి గంటను ఒక్కసారి మోగిస్తాడు. ముప్పై నలుగురు సభ్యులు కోటు గుండీలు సర్దుకుని కూర్చుంటారు. ఆ కోటుల్లో సగానికి పైగా అదే మధ్యాహ్నం, అదే వీధి చివర, ఒకే బల్ల మీద ఇస్త్రీ అయినవి. ఆ బల్ల వెనుక నిలబడే మనిషికి ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు. దాని స్థానంలో ఉన్నది క్లబ్బు ఉచితంగా ఇచ్చిన కాలు.

వీధి అతణ్ణి నిటారయ్య అని పిలిచేది. వెనక్కి వస్తున్న లారీకీ గోడకీ మధ్య కాలు నలిగిపోయిన మనిషి, పెట్టుడు కాలు తొడుక్కున్న నాలుగో నెలకే చేతికర్ర అవతల పారేసి, ప్రమాదానికి ముందుకన్నా తిన్నగా నడవడం చూసి టీ కొట్టాయన తగిలించిన పేరది. "రెండు కాళ్ళూ ఉండి ఈడుస్తున్నారు, ఆయన్ని చూసి నేర్చుకోండిరా," అని బేరానికి వచ్చినవాళ్ళను దెప్పేవాడు. నిటారయ్య విననట్టే ఉండేవాడు గానీ ఆ పూట మరో రెండుసార్లు ఏదో పని కల్పించుకుని వీధి దాటేవాడు.

ఆ నడక ఊరికే రాలేదు. క్లబ్బు హాలు వెనుక గదిలో కాళ్ళు తయారుచేసే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. "కాలి గురించి ఆలోచించకన్నా. ఎదురుగోడ మీద ఒక మేకు చూసుకో. నువ్వు మేకు దగ్గరికి వెళ్తున్నావు, కాలు దానంతటదే వస్తుంది," అని నేర్పింది ఆయనే. పని లేని మధ్యాహ్నాల్లో నిటారయ్య ఇస్త్రీ బల్ల నుంచి ఎదురుగోడకూ, గోడ నుంచి బల్లకూ నడిచి నడిచి ఆ విద్య పట్టుకున్నాడు.

పట్టుకున్న విద్యను క్లబ్బు వాడుకుంది. వారపు సమావేశపు కార్యక్రమ పత్రంలో మూడో అంశం పేరు 'సేవాఫల ప్రదర్శన'. అతిథులు వచ్చే గురువారాల్లో ఆ అంశం కింద నిటారయ్య నడవాలి. వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు, కర్ర లేకుండా. చివర ఆగి నమస్కారం పెట్టాలి. మూడేళ్ళలో నలభైసార్లకు తక్కువ కాకుండా నడిచాడు. క్లబ్బు కార్యదర్శి, రిటైరైన లెక్కల మాస్టారు, కొట్టు ముందు ఆగి, "గురువారం ఖాళీయేనా?" అని అడిగేవాడు. ఖాళీ కాదని చెప్పే హక్కు తనకు ఉందని నిటారయ్యకు ఎన్నడూ తోచలేదు. ఉచితంగా తీసుకున్నవాడికి అది తోచకుండా చేయడంలోనే ఇటువంటి దానాల బలమంతా ఉంది.

అయితే కోసిన కాలి మోడు చెక్కలా ఎప్పుడూ ఒకేలా ఉండిపోదు. కండ కరుగుతుంది, ఏటేటా సన్నబడుతుంది. దాన్ని పట్టి ఉంచే గిన్నెలాంటి తొడుగు మాత్రం మొదటి కొలతకే ఉండిపోతుంది. నిటారయ్య ఆ సందును మొదట ఒక మేజోడుతో పూడ్చాడు, తర్వాత రెండింటితో, మూడో ఏటికి నాలుగింటితో. ఇస్త్రీ పని నిలబడి చేసేది. రోజుకు తొమ్మిది గంటలు ఆ వదులు తొడుగులో మోడు రాసుకుంటూనే ఉండేది. మేజోళ్ళు ఉతుకుతూ అతని భార్య ఒకనాడు వాటి మీద గోధుమరంగు మరక చూసింది. ఇల్లిల్లూ తిరిగి బట్టల మూటలు తెచ్చేదీ, తిరిగి అప్పజెప్పేదీ ఆమే. ఆ రోజు మూటలు పక్కన పడేసి, భర్తను మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయింది.

మేస్త్రీ తొడుగును చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "ఇది తొడుగు కాదన్నా, బకెట్టు. ఇందులో నీ కాలు గంట నాలుకలా కొట్టుకుంటోంది. కొత్త తొడుగు పోసి పాత పాదానికే బిగిస్తే చాలు, రెండు రోజుల పని. మాస్టారి దగ్గర చీటీ పట్రా."

"చీటీ లేకుండా పోయవా?"

"పోస్తే నా ఉద్యోగం ఊడుతుంది. నీ బల్ల పక్కన ఇంకో బల్ల వేసుకుని నేనూ ఇస్త్రీ చేసుకోవాలి. నీ బేరాలు సగం నాకిస్తావా?" అని నవ్వి, పుండు చూశాక నవ్వు ఆపేశాడు. "నాన్చకన్నా. ఇది లోపలికి దిగితే మోకాలు దక్కదు."

మాస్టారు శ్రద్ధగా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే రాసిపెడుతున్నాను.

"చీటీ కాలికే రాస్తామయ్యా. తొడుగుకి రాసే చీటీ మన దగ్గర లేదు."

"అయితే కాలికే రాయండి మాస్టారూ."

"కాలు నీకు ఇచ్చేశాం కదా!"

క్లబ్బు నియమావళిలో పదకొండో నియమం ఇలా ఉంది: 'ఒక సహాయమును ఒకసారి పొందిన వ్యక్తి అదే సహాయమునకు తిరిగి అర్హుడు కాడు.' నేను ఆ నియమావళి మొత్తం చదివాను. పదకొండో నియమం దుప్పట్ల పంపిణీ కోసం పుట్టింది. ఒకే మనిషి రెండుసార్లు వరుసలో నిలబడి రెండు దుప్పట్లు పట్టుకుపోకుండా ఆపడమే దాని ఉద్దేశం. తర్వాత క్లబ్బు కాళ్ళు కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. నియమాన్ని మార్చడం ఎవరికీ గుర్తు రాలేదు. ఇరవై ఎనిమిది నియమాల్లో 'మరమ్మతు' అనే మాట ఒక్కచోట లేదు. మరమ్మతును వేదిక ఎక్కించి ఫొటో తీయలేరు. బహుశా అందుకే లేదు.

"పోనీ, ఒక అర్జీ రాసివ్వు," అన్నాడు మాస్టారు. "వచ్చే గురువారం సభ ముందు పెడతాను. నియమాన్ని సడలించే అధికారం సభకుంది. అన్నట్టు, ఆ రోజు మన క్లబ్బు ప్రాంతీయ అధిపతిగారు వస్తున్నారు. నువ్వు నడవాలి, మరిచిపోయేవు."

అర్జీ భార్య రాసింది. రాసి, మడిచి, భర్త చేతిలో పెడుతూ, "గురువారం కుంటు," అంది.

"ఏంటీ?"

"కుంటుతూ నడువు. నువ్వు గుర్రంలా నడిస్తే ఈ కాగితం ఎవడు నమ్ముతాడు?"

"అంతమంది పెద్దవాళ్ళ ముందు కుంటమంటావా?"

"ఇంట్లో కుంటడం లేదూ? తెల్లారి గోడ పట్టుకుని కుళాయి దగ్గరికి పోయేదెవరు, మీ మేనమామా? నేను చూస్తే పోని పరువు వాళ్ళు చూస్తే పోతుందా?"

"నాటకాలాడటం నాకు చేతకాదే."

"మూడేళ్ళ నుంచి ఆడుతున్నదే నాటకం. ఒక్కరోజు మానెయ్యమంటున్నాను, అంతే."

అతను కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చివరికి, "సరేలే, కుంటుతాను," అన్నాడు. ఆ మాట ఇచ్చినప్పుడు అతను అబద్ధమాడలేదు.

గురువారం హాలు నిండిపోయింది. గోడల వెంట అదనపు కుర్చీలు వేశారు. మొదటి అంశం స్వాగతం, రెండోది గత వారపు తీర్మానాల ఆమోదం. తర్వాత అధ్యక్షుడు, ఊళ్ళో పెద్ద కలప వ్యాపారి, అతిథి వైపు తిరిగి, "మన ఆణిముత్యాన్ని చూడండి," అన్నాడు. నిటారయ్య వేదిక ఎక్కాడు. మొదటి అడుగు అనుకున్నట్టే వేశాడు. ఎడమ భుజం కిందికి జారింది, పాదం నేల మీద ఈడ్చుకుంది. ముందు వరుసలో ఎవరో "అయ్యో" అన్నారు. ఎవరో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతలో వెనుక నుంచి, అతనికి ధైర్యం చెప్పాలనే మంచి ఉద్దేశంతోనే, చప్పట్లు మొదలయ్యాయి. హాలంతా అందుకుంది. నిటారయ్య తల దానంతటదే పైకి లేచింది. ఎదురుగోడ మీద గడియారం వేలాడే మేకు కనబడింది. రెండో అడుగు నుంచి చివరి దాకా అతను నడిచిన నడకలో వంక పెట్టడానికి వైద్యుడికి కూడా ఏమీ దొరికేది కాదు. నమస్కారం పెట్టేసరికి తొడుగు లోపల నాలుగు మేజోళ్ళూ తడిసిపోయాయి.

ఏడో అంశం 'ఇతర విషయములు'. అర్జీ దాని కింద వచ్చింది. నిటారయ్య తలుపు బయట బల్ల మీద కూర్చుని విన్నాడు. మాస్టారు కాగితాన్ని ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. అధ్యక్షుడు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఎవరు, ఇందాక నడిచినతనా? నాకన్నా బాగా నడిచాడు కదండీ!"

"నా మోకాళ్ళ నొప్పులకు ఆయన కాలే బిగించమని అడుగుదామనుకున్నాను," అన్నారెవరో. సభ నవ్వింది. "మొదట్లో కొంచెం తూలాడు," అని ఒకరు గుర్తుచేశారు. "కంగారు పడ్డాడు పాపం, పెద్దలున్నారని," అని ఇంకొకరు సర్దారు. ఆ వారపు తీర్మానాల పుస్తకంలో వాక్యం ఇదీ: 'అర్జీని సానుభూతితో పరిశీలించి, అవసరము కనబడనందున తిరస్కరించడమైనది.' ఏడో అంశం మూడో అంశానికి ముందు వచ్చి ఉంటే ఆ వాక్యం మరోలా ఉండేదేమో. సభ తన కళ్ళతో చూసిన సాక్ష్యాన్ని నమ్మింది. ఆ సాక్ష్యాన్ని మూడేళ్ళపాటు తానే తర్ఫీదు ఇచ్చి తయారుచేసుకున్న సంగతి ముప్పై నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. ఇందులో దుర్మార్గుడు ఒక్కడూ లేడు. ఉంటే నా పని తేలికయ్యేది.

మేడమెట్లు ఇరవై రెండు. నిటారయ్య వాటిని కూర్చుని, ఒక్కొక్క మెట్టు మీదికి జరుగుతూ దిగాడు. కింద భార్య నిలబడి ఉంది.

"కుంటుతూ నడిచావా?"

అతను చివరి మెట్టు మీదే కూర్చుండిపోయాడు. "చప్పట్లు కొట్టారే," అన్నాడు.

ఆమె చెయ్యి అందించి లేపింది.

పుండు మానే వరకు కాలు తొడగొద్దని మేస్త్రీ కబురు పెట్టాడు. తొడగకపోతే నిలబడలేడు; నిలబడకపోతే ఇస్త్రీ లేదు. తొడిగాడు. ఏడో వారంలో జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో రక్తం పరీక్షించి, ఎప్పటి నుంచో చక్కెర జబ్బు కూడా ఉందని చెప్పారు. చీము ఎముకను పట్టేసింది. ఈసారి మోకాలి పైకి కోశారు.

పదో రోజున మాస్టారు యాపిల్ పళ్ళతో వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పళ్ళ కింద ఒక దరఖాస్తు ఉంది.

"చూడవయ్యా, మోకాలి కింది కాలూ మోకాలి పై కాలూ మన జాబితాలో వేరువేరు సహాయాలు. కొత్తగా దరఖాస్తు చెయ్యొచ్చు. పదకొండో నియమం అడ్డురాదు. నేను రెండుసార్లు చూశాను."

భార్య పళ్ళ సంచీని మంచం మీద నుంచి తీసి కింద పెట్టింది. "అంటే మోకాలు కూడా సమర్పించుకుంటే గానీ చీటీ పుట్టలేదన్నమాట."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "నేను నియమం రాయలేదమ్మా," అన్నాడు.

"చదివారుగా."

నిటారయ్య భార్య మోచేతిని తాకి ఆపాడు. దరఖాస్తులో నాలుగో ప్రశ్న: 'ఇదే సహాయమును గతములో పొందియున్నారా?' మాస్టారు వేలితో చూపించిన చోట 'లేదు' అని రాసి, సంతకం పెట్టాడు. నియమావళి ప్రకారం ఆ జవాబు నిజం.

కొత్త కాలు వచ్చేసరికి ఐదు నెలలు పట్టింది. ఆలోగా ఇస్త్రీ పెట్టె భార్య చేతికి వచ్చింది. మూటలు తెచ్చే మనిషి లేక బేరాలు సగానికి పడ్డాయి. మోకాలు లేని కాలు ఎంత మంచి మేస్త్రీ చేసినా చెప్పిన మాట వినదు. గురువారం కాలు అందుకోవడానికి ఇద్దరు మనుషులు నిటారయ్యను కుర్చీతో సహా మేడ మీదికి మోసుకొచ్చి ముందు వరుసలో దించారు. ఇక అతణ్ణి నడవమని ఎవరూ అడగలేదు. పక్క కుర్చీలో ఒక వ్యాను డ్రైవరు ఉన్నాడు. మోకాలి కింద నుంచి కాలు పోయింది, తొడుక్కుని మూడు నెలలైంది, మూడో అంశం ఇప్పుడు అతనిది.

"మీ గురించి మేస్త్రీ చెప్పాడన్నా," అన్నాడు డ్రైవరు. "మీలాగా నడిచినవాడు లేడంట."

నిటారయ్య అతని వైపు వంగాడు. "తమ్ముడూ, కొంచెం కుంటు."

"ఎందుకన్నా? నాకు నొప్పేమీ లేదే."

"వస్తుంది. ఇప్పటి నుంచే కుంటు. రేపు నువ్వు అడిగినప్పుడు నమ్మాలి."

"ఇంతమంది ముందా?" అని డ్రైవరు సిగ్గుగా నవ్వాడు. అధ్యక్షుడు అతణ్ణి పిలిచాడు. అతను చేతికర్రను కుర్చీకి ఆనించి లేచాడు, చొక్కా కిందికి లాక్కున్నాడు, వేదిక ఎక్కాడు. ఒక్కచోట కూడా తూలకుండా ఆ చివరి దాకా నడిచాడు. చప్పట్లు కొడుతూ హాలంతా లేచి నిలబడింది. నిటారయ్య లేవలేదు. లేవాలంటే అతనికి భార్య భుజం కావాలి. ఆమె ఆ రోజు మెట్లెక్కనని కిందే ఉండిపోయింది.