వేలిముద్ర పైన సగం మాట

చల్లగాలి ముఖానికి తగిలితే నాకు సిగ్గు వేస్తుంది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. బాన్సువాడ బస్టాండు దగ్గర ఈ మధ్య అద్దాల తలుపున్న బట్టల దుకాణం ఒకటి తెరిచారు. పొద్దున బీర్కూర్ బస్సు కోసం నేను దాని మెట్ల పక్కనే నిలబడతాను, ఆ వేళకు నీడ అక్కడే ఉంటుంది కాబట్టి. తలుపు తెరిచినప్పుడల్లా కొత్త బట్టల వాసనతో కలిసి చల్లగాలి వచ్చి మెడ మీద పడుతుంది. పక్కనున్న ఆడవాళ్లు "అబ్బ, పానం లేసొచ్చినట్టయింది" అనుకుంటారు. నేను రెండడుగులు ఎండలోకి జరుగుతాను. అప్పుడు శకుంతలక్క గుర్తొస్తుంది.

ఆమె ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. మెడికల్ షాపు మీది అంతస్తులో రెండు గదుల ట్రావెల్స్ ఆఫీసు ఆమెది. మొదట తిరుపతికి, షిర్డీకి బస్సులు నడిపింది. తర్వాత ఐదు రోజుల సింగపూర్ యాత్ర మొదలుపెట్టింది. మా చుట్టుపక్కల మండలాల్లో విమానం అంటే తలెత్తి చూడటమే తెలిసిన వాళ్లను పాతికమందిని ఒక్కసారి విమానం ఎక్కించిన మనిషి. భారీ మనిషి, గట్టి గొంతు, నుదుట రూపాయంత బొట్టు. ముందు గదిలో ఏసీ కింద ఆమె కూర్చునేది. వెనక గదిలో ఫ్యాను కింద నేను. డిగ్రీ అయ్యాక ఏడాది పాటు ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆమె దగ్గరికి తీసుకెళ్లింది. అడిగిన మూడు ప్రశ్నలకూ నేను తల మాత్రమే ఊపాను.

"మాట్లాడదేంది నీ బిడ్డ?" అంది శకుంతలక్క.

"సిగ్గెక్కువ అక్కా. బుక్కులు సదువుకుంట ఓ మూలకు కూసుంటది" అంది అమ్మ, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"మంచిదే. మాట్లాడెటందుకు నేనున్న గద. ఇనెటోళ్లే గావాలె నాకు. నోరు లేనోళ్లకు చెవులు మంచిగుంటయ్."

అంతకు ముందు నా మౌనాన్ని అందరూ రోగంలాగే చూశారు. అది పనికొచ్చేదని మొదట అన్నది ఆమె. ఒకసారి పాస్‌పోర్టు పని మీద వచ్చిన ఒకాయన నన్ను చూపించి, "గీ మూగామెను ఎందుకు పెట్టుకున్నవ్ అక్కా?" అని నవ్వాడు. శకుంతలక్క అతని ఫారం తీసి అతని ముందే పెట్టింది. "మూగామె నింపిన ఫారం ఒక్కటి గూడ వాపస్ రాలె. నోరున్నోనివి, నువ్వేమో మీ నాయిన పేరే తప్పు రాసినవ్. సూస్కో." ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తూ దారంతా ఆ మాటలు మనసులో చెప్పుకున్నాను. ఏటా కొత్త సంవత్సరానికి ఆమె నాకొక డైరీ ఇచ్చేది. బీరువా అడుగున ఎవరో వదిలేసిన పాత వారపత్రికల కట్టలుంటే, పని లేనప్పుడు చదువుకొమ్మని తాళం చెవి నా చేతికే ఇచ్చింది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆమెను తిట్టుకోవడం నాకు అంత సులువు కాదు.

యాత్ర నుంచి తిరిగొచ్చిన వాళ్లను మరుసటి ఆదివారం ఆఫీసుకు పిలవడం ఆమె పెట్టిన ఆనవాయితీ. వేడివేడి మిర్చీలు, చాయ్. వాళ్లు చూసిందంతా చెబుతుంటే నేను చిత్తు కాగితాల మీద రాసుకునేదాన్ని. ఎర్ర అట్ట వేసిన పెద్ద పుస్తకం ఒకటి ఉండేది. మనిషికో పేజీ. అందరికీ బిచ్కుంద బస్సో పెద్ద కొడప్‌గల్ బస్సో అందుకునే తొందర ఉంటుంది కాబట్టి, ఖాళీ పేజీ అడుగున ముందే సంతకం పెట్టించుకునేవాళ్లం. చదువు రాని వాళ్లు వేలిముద్ర వేసేవారు. వాళ్లు వెళ్లిపోయాక, తర్వాతి వారమంతా కూర్చుని పైన మాటలు నేను నింపేదాన్ని. ఇది ఎవరికీ తప్పుగా తోచలేదు. నాకూ తోచలేదు. కొత్తగా యాత్రకు వెళ్లాలా వద్దా అని ఊగిసలాడే వాళ్లు ఆ పుస్తకం తిరగేసి, తెలిసిన పేరు కనబడగానే నమ్మేవారు.

నేను ఇప్పటికీ సింగపూర్ చూడలేదు. కానీ ఆ ఊరు నాకు వాసనతో సహా తెలుసు. రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకాయన చాక్లెట్ కాగితం పడేయడానికి భయం వేసి హోటల్ దాకా జేబులోనే మోసుకెళ్లారట. అద్దాల ఇంట్లో కొండంత ఎత్తు నుంచి నీళ్లు పడుతుంటే ఒక పెద్దావిడ చెప్పులు విడిచి దండం పెట్టిందట. మధ్యాహ్నం మూడింటికి ఎవరో పిలిచినట్టు వాన వచ్చిపోతుందట. బీర్కూర్ నుంచి వెళ్లిన చెరుకు రైతు రాజారెడ్డి చెప్పింది మాత్రం వేరు. "అన్ని మంచిగున్నయ్ గనీ, ఏం ఉక్కపోత అక్కా అది! పిండి ఆరేసిన బనీను రెండు దినాలైనా ఆరలే. ఎండ ఉండి బనీను ఆరని ఊరు గదొక్కటే సూసిన."

అందరూ పడీపడీ నవ్వారు. శకుంతలక్క అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వు అయ్యాక నా వైపు వంగి, "బనీన్ల ముచ్చట బుక్కుల వద్దు" అంది.

వాళ్లంతా వెళ్లాక ధైర్యం చేసి అడిగాను. "ఆయన చెప్పింది నిజమే కదక్కా?"

"నిజమే. ఎవలు గాదన్నరు? ఎండ మన తాన లేదా? ఎండ సూసెటందుకు ఎవడన్న ఇమానం ఎక్కుతడా పోరీ? చెప్పిందంత రాస్తే అది రాత గాదు. ఏది ఇడిచిపెట్టాలెనో తెల్వాలె."

డైరీలో ఆ మాట రాసుకున్నాను. అందంగా రాసుకున్నాను, కింద గీత కూడా గీశాను. నేను చదివిన కథల్లో కూడా మంచి రచయితలు చెప్పకుండా వదిలేసిందే ఎక్కువ కదా అనిపించింది. అప్పటి నుంచి చెమట రాయలేదు. నడిచి నడిచి కాళ్లు వాచిన సంగతి రాయలేదు. పుస్తకంలో ఊరు రోజురోజుకూ చల్లబడుతూ వచ్చింది.

మూడో ఏడు యాత్రకు వెళ్లొచ్చిన వాళ్లతో సోమ్లిబాయి వచ్చింది. పెద్ద కొడప్‌గల్ దగ్గరి ఒక తండా ఆమెది. పెద్ద కొడుకు సింగపూర్‌లో భవనాలు కట్టే పనిలో ఉన్నాడు. మూడేళ్లుగా కొడుకును చూడలేదని ఆమె బెంగపడితే, అతనే అక్కడి నుంచి ఆమె పేరు యాత్రలో రాయించాడు. ఆ ఆదివారం ఆమె మిర్చీలు ముట్టలేదు. చాయ్ చల్లారిపోయింది. అందరి వంతూ అయిపోయి, శకుంతలక్క వాళ్లను సాగనంపడానికి కిందికి దిగాక, నా వెనక గదిలోకి వచ్చి నేల మీదే కూర్చుంది.

"రాస్తవా బిడ్డా?"

తల ఊపాను.

"ఎటు పోయినా లోపట మస్తు సల్లగుంటది. స్వెట్టర్ ఏసుకున్న నేను. బయట అడుగు పెడ్తే పొయ్యి ముంగట కూసున్నట్టే. లోపటంత సల్లగ, బయటంత ఎండ. నా కొడుకు బయట ఉంటడు." ఆమె తన మెడ వెనక చెయ్యి పెట్టుకుని చూపించింది. "గీడ వాని తోలు సూసిన. కాలిన రొట్టె లెక్క అయింది. ఆయితారం ఒక్కపూట వచ్చి నా పక్కన కూసున్నడు. ఏడ పనిజేస్తవురా అంటె, రోడ్డు అవుతల ఆకాశంల చూపెట్టిండు."

నేను రాశాను. అక్షరం పోకుండా రాశాను.

"ఇది మంచిగ రాయి" అంది. "నా చిన్న కొడుకు కిషన్ నేను గూడ ఆడికే పనికి పోతనంటుండు. నేను వద్దంటె ఇంటలేడు. ముసల్దానివి నీకేమెరుక అంటడు. బుక్కుల రాసింది ఇంటడు వాడు, పది దాకా సదివిండు. వాడొస్తడు. వానికి చూపెట్టు." తర్వాత ఖాళీ పేజీ అడుగున వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలిని తలకు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆ పేజీ నింపిన రోజు శకుంతలక్క ఆఫీసులో లేదు. నిజామాబాద్ వెళ్లింది. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చిత్తు కాగితం ఎదురుగా పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో రాశాను. "ఆ ఊళ్లో ఎక్కడికి వెళ్లినా లోపల చల్లగా ఉంటుంది. నేను స్వెట్టర్ వేసుకున్నాను. నా కొడుకు అక్కడే ఉంటాడు." చదువుకుంటే బాగుందనిపించింది. పొందికగా ఉంది. కిషన్ సంగతి గుర్తులేక కాదు. గుర్తుంది. అక్కకు కోపం వస్తుందేమోనన్న భయం కొంత ఉంది. కానీ వాక్యం అలా కుదిరినందుకు కలిగిన చిన్న సంతోషం ఆ భయం కంటే పెద్దది. మరునాడు శకుంతలక్క పేజీ చూసి నా భుజం తట్టింది. "నేర్చుకున్నవ్" అంది.

పది రోజుల తర్వాత కిషన్ వచ్చాడు. ఇరవై దాటి ఉండవు. ఏసీ కింద నిలబడి చొక్కా కాలరు వెనక్కి లాక్కుని, ఎర్ర పుస్తకంలో తల్లి పేజీ మెల్లగా, పెదవులు కదుపుతూ చదివాడు. వెనక గది తలుపు సందులోంచి నాకు అతని మెడ కనబడుతోంది. లేతగా, నున్నగా ఉంది.

"గిది మా యాడి చెప్పిందేనా అక్కా?" అన్నాడు. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

"వేలిముద్ర కనవడ్తలేదా?" అంది శకుంతలక్క.

"ఇంట్ల మాత్రం ఎండ ఎండ అని ఒకటే ఏడ్సుడు. నన్ను ఆపెటందుకే అన్నట్టు!" అని నవ్వాడు. "ఇగ నా పాస్‌పోర్టు ఫారం నింపుండ్రి."

ఫారం నా బల్ల మీదికే వచ్చింది. నింపాను. తప్పు లేకుండా నింపాను. అతను "థాంక్స్ అక్కా" అంటే తల ఊపాను.

సింగపూర్ వెళ్లి ఏడాది తిరగకముందే అతను పని చేస్తూ చేస్తూ ఎండకు పడిపోయాడు. రెండు రోజులు తెలివి రాలేదని విన్నాం. బతికాడు, అన్నే వెంట తీసుకొచ్చి దింపి వెళ్లాడు. ఇప్పుడు కిషన్‌కు పావుగంట ఎండ తగిలినా కళ్లు తిరుగుతాయి, చేతులు వణుకుతాయి. మా దిక్కు ఎండలో నిలబడలేని మగపిల్లవాడికి పొలం పని లేదు, కూలి పని లేదు. తల్లి నాటు వేయడానికి వెళ్తే అతను గుడిసెలో కూర్చుంటాడు. ఈ సంగతి తెలిసిన రోజు నేను మొదటిసారి శకుంతలక్కకు ఎదురు మాట్లాడాను. "మనం రాసింది చదివే కదా అక్కా పోయాడు" అన్నాను. ఆమె మొహం తిప్పుకుని కిటికీలోంచి బస్టాండు వైపు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు లేవని చెప్పలేను.

"మనం టికెట్ ఇచ్చినం. ఎండ ఇయ్యలే" అంది. "ఫికర్ పెట్టుకోకు. పనిజూడు."

తర్వాత కొన్నాళ్లకు ఆమె నిజామాబాద్‌లో పెద్ద ఆఫీసు తెరిచింది. నన్నూ రమ్మంది. నేను వెళ్లలేదు. ఎందుకని అడిగితే అమ్మకు ఆరోగ్యం బాగాలేదని చెప్పాను. అదీ నిజమే, మిగిలింది వదిలేశాను. ఎర్ర పుస్తకం మాత్రం నాకే ఇచ్చింది. "నీ రాతే గద, నీ తాన్నే ఉంచుకో." అది నా బట్టల పెట్టె అడుగున ఉంది. ఏటా కొత్త సంవత్సరానికి ఇప్పటికీ ఆమె డైరీ పంపుతుంది. నేను అందులోనే రాసుకుంటాను. ప్రతి పేజీ రాశాక ఇప్పుడు ఏది వదిలేశానో వెతుక్కుంటాను. ఏదో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఈ పని ఆమె నేర్పిందే, నేనే చెడగొట్టుకున్నాను. రెంటినీ విడదీయడం ఇంకా చేతకాలేదు.

ఆఫీసు ఖాళీ చేసే రోజు శకుంతలక్క ఆటో మాట్లాడటానికి కిందికి వెళ్లింది. ఏసీ అప్పటికే పీకేశారు, గోడకు పెద్ద కంత ఉంది. మెట్లెక్కి సోమ్లిబాయి వచ్చింది. కిషన్‌ను దవాఖానకు తీసుకొచ్చిందట. అతను కింద మెడికల్ షాపు నీడలో కూర్చున్నాడు.

"బిడ్డా, నా కాయితం ఒక్కపాలి సదువు. సల్లగున్నదని నువ్వే చెప్పినవ్ యాడీ, బుక్కుల గదే రాసున్నది అని నా మీద లేస్తుండు వాడు. నేనట్ల చెప్పిన్నా? నా మతికి లేదు. నువ్వు సదువు. నువ్వు అబద్దం జెప్పవు."

పుస్తకం తెరిచాను. నా గుండ్రటి అక్షరాలు, కింద ఆమె నీలం వేలిముద్ర. ఆమెకు చదవడం రాదు. నా పెదవుల వైపు చూస్తోంది. ఆ మాటలు లేని చోట వేలు ఆనించి, నా జీవితంలో ఎప్పుడూ మాట్లాడనంత స్పష్టంగా చదివాను. "లోపలంతా చల్లగా, బయటంతా ఎండ. నా కొడుకు బయట ఉంటాడు."

ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది.

"రాసినవ్ బిడ్డా. నువ్వు సక్కగనే రాసినవ్. నా కొడుకే అబద్దమాడిండు."