మస్తూరా కాచిన నీళ్లు

మర్గిలాన్‌ పట్టణంలో వరద బురద కుళాయిల్లో చేరి, వీధిలో మూడిళ్లకు కామెర్లు పాకినప్పటినుంచి మస్తూరా తన ఇంటి నీళ్ల శాఖను స్వయంగా చేపట్టింది. కోడలు దిల్‌రబోకు ఏడో నెల. గర్భిణికి కామెర్లు వస్తే తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదమన్న నర్సు మాట ఆమె చెవిలో జోరీగలా తిరుగుతోంది. నీళ్లు వడగడుతుంది, తెర్లకాగినా దించకుండా గడియారం ముందు కాపలా నిలబడుతుంది, చల్లారాక మూతపెట్టి దానిమీద రాయి పెడుతుంది. ఆ రాయినీ కాచింది. "రాయి ఉడికిందా అత్తయ్యా?" అంటుంది కోడలు. "ముందు నువ్వు నోరు మూసుకుని తాగు!"

ఆ మధ్యాహ్నం వీధిపెద్ద ఎర్గాష్ పలకరించడానికి వచ్చాడు. మస్తూరా కాచిన నీళ్లతోనే టీ పెట్టింది. అతిథి మర్యాదకొద్దీ పింగాణీ గిన్నెలను కుళాయి కింద తళతళా కడిగింది. టీ కూజాలోంచి తడి గిన్నె ఒకదాంట్లో వంచి, అక్కడి ఆచారం ప్రకారం మూడుసార్లు తిరిగి కూజాలోనే పోసింది. కోడలికి గిన్నె అందించాక, తన వేళ్లనుంచి కారుతున్న కుళాయి నీళ్లు కంటబడ్డాయి.

"తాగకే!" గిన్నె లాక్కుని, కూజాను వాకిట్లో బోర్లించింది.

"ఇంత త్వరగా పొమ్మంటున్నావా చెల్లెమ్మా?" అన్నాడు ఎర్గాష్ లేస్తూ.

"కూర్చో అన్నయ్యా, గిన్నెలు కాచి మళ్లీ పెడతాను. ఏమే, ఎంత తాగావు?"

"పెదవి తడిసిందంతే."

మస్తూరా తలగుడ్డ అంచుతో ఆ పెదవులు గట్టిగా తుడిచింది. తుడిచాక, ఇంకా తడారని ఆ గుడ్డను పొద్దున ఏ నీళ్లలో జాడించిందో గుర్తొచ్చింది.