బావ గీసిన అమ్మ

మా అక్క మొగుడు టైలరు. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, మిషను పక్కన బొమ్మలు గీసుకునే పుస్తకం. ఆయన కొట్టుకీ నా ఫోటో స్టూడియోకీ మధ్య ఒకటే గోడ. నాకు పెద్ద పెద్ద లైట్లున్నాయి, ఖరీదైన కెమెరా ఉంది. ఆయనకున్నది పెన్సిలు ముక్క. అయినా జనం నా దగ్గర ఫోటో దిగేసి, ఆయన కొట్టులో చేరి తమ బొమ్మలు చూసుకుని మురిసిపోయేవాళ్లు. నాకు కడుపు మండిపోయేది. ఇందులో దాచుకునేదేముంది?

బావ ఎవర్నీ కదలకుండా కూర్చోమనడు. బట్టల కోసం ఎదురుచూసేవాళ్లని వాళ్లకి తెలియకుండానే గీసేస్తాడు. ముందు భుజాలు, తర్వాత నడుము, చిట్టచివర మొహం. భుజం కుదిరితే మనిషి కుదిరినట్టేనట. బొమ్మలు కూడా కొలతలు తీసే గీస్తావా అని ఎద్దేవా చేస్తే నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ముందుగదిలో తన ఫోటో ఒకటి ఉండాలని అమ్మకి ముచ్చట పుట్టింది. కొడుకు ఫోటోగ్రాఫరాయె, ఇంకొకరి మాటెందుకు? బావ ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని స్టూడియోకి తీసుకొచ్చి ఓ మూల కూర్చున్నాడు. నేను లైట్లు సర్ది, ఫోటో తీసి, కళ్ల కింద ముడతలన్నీ తుడిచేశాను. వచ్చిన ప్రతివాళ్లకీ చేసేదే. ఏరికోరి మంచి ఫ్రేము కట్టించి ఇస్తే అమ్మ చాలాసేపు చూసింది.

“బాగుందిరా. ఎవరీవిడ?” అంది.

అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. వారం తిరక్కుండా ముందుగదిలో బావ గీసిన అమ్మ వెలిసింది. అదీ నేను కట్టించిన ఫ్రేములోనే. నా ఫోటో బీరువాలోకి పోయింది.

బొమ్మలో ఎడమ భుజం కాస్త జారి ఉంది, ముడతలన్నీ ఉన్నాయి. అదేమంత గొప్ప కాదు. కానీ ఆ చూపు! పక్కనెవర్నో చూస్తూ, పెదవి చివర నవ్వు. ఇన్నేళ్లలో నా కెమెరాకి ఒక్కసారీ దక్కలేదది. కన్నకొడుకుని నేనుండగా అల్లుడికెలా ఇచ్చిందీవిడ? ఉండబట్టలేక కొట్టుకెళ్లి, అమ్మ నీ దగ్గర ఎప్పుడు కూర్చుందని నిలదీశాను.

బావ కత్తెర ఆపలేదు. “నా దగ్గరెక్కడ కూర్చుంది? నువ్వు ఫోటో తీసిన రోజే గీశాను. నువ్వు స్టూలెక్కి లైటుతో కుస్తీ పడుతున్నావు చూడు, అప్పుడు.”

“మరి ఎవర్ని చూస్తోంది?”

“నిన్నే. ఆ తర్వాత నువ్వు కెమెరా దగ్గరికొచ్చి, నవ్వకమ్మా, ఫోటో పాడవుద్ది అన్నావు. మానేసింది.”

నాకోసం వచ్చిన నవ్వు అది. నేను వద్దన్నాను, బావ పట్టుకున్నాడు. అప్పటిదాకా ఆయన మీద ఉన్న కుళ్లు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఇప్పటికీ అమ్మ దగ్గరికి వెళ్తే ఆ బొమ్మ ఉన్న గోడకి వీపు పెట్టి కూర్చుంటాను.